ఒంటిచేతి షాట్ నేర్పిన హ్యాంక్ లూయిసెట్టి

బాస్కెట్‌బాల్ కోర్టులోకి కొత్తగా వచ్చిన పిల్లలకు పీఈటీ సారు ముందుగా సరిదిద్దేది చేతులను. తెలియని పిల్లవాడు బంతిని రెండు చేతులతో ఛాతీకి ఆనించి పట్టుకుని, ఒంట్లో ఉన్న బలమంతా కూడదీసుకుని పైకి తోస్తాడు. సారు ఒక చేతిని బంతి కిందకు, రెండో చేతిని పక్కకు జరుపుతారు. మోచేయి లోపలికి పెట్టమంటారు, మణికట్టు వెనక్కి వంచమంటారు, అరచెయ్యి తగలకూడదంటారు. విజయవాడలోనైనా, వరంగల్‌లోనైనా, డాలస్‌లో మనవాళ్ల పిల్లలు ఆడే జిమ్‌లోనైనా షాట్ పాఠం ఇదే. తొంభై ఏళ్ల కిందట అమెరికాలోని పేరున్న కోచ్‌లు సరిగ్గా దీనికి ఎదురు పాఠం చెప్పేవారు. ఒంటిచేత్తో బంతి వేసిన కుర్రాణ్ని బెంచి మీద కూర్చోబెట్టేవారు. ఆ కట్టడి తెగడానికి అందరికంటే ఎక్కువగా కారణమైనవాడు స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ విద్యార్థి, పేరు హ్యాంక్ లూయిసెట్టి. ఈ ఆటను రోజూ చూసేవాళ్లలో కూడా ఆ పేరు తెలిసినవాళ్లు ఇవాళ బహు తక్కువ.

అతని గొప్ప తెలియాలంటే అంతకుముందు షాట్ ఎలా ఉండేదో తెలియాలి. 1891 డిసెంబరులో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ పీచ్ పళ్ల బుట్టలను పది అడుగుల ఎత్తున బిగించి ఈ ఆట మొదలుపెట్టాడు. నలభై ఏళ్లు గడిచాక కూడా దూరం నుంచి వేసే షాట్ అంటే రెండు చేతుల సెట్ షాట్. ఆటగాడు ఆగాలి. పాదాలు రెండూ నేలకు ఆన్చాలి. బంతిని ఛాతీ ముందు రెండు వైపులా పట్టుకుని, మోకాళ్లు వంచి లేస్తూ చేతులు రెండూ ఒకేసారి చాచాలి. అలవాటైన చేతిలో ఈ షాట్ చాలా కచ్చితంగా పడేది, అందులో సందేహం లేదు. చిక్కల్లా ఆగడం దగ్గర వచ్చేది. ఆగాడంటే షాట్ వేయబోతున్నాడని ఎదుటివాడికి తెలిసిపోతుంది. బంతి ఛాతీ దగ్గర ఉంటుంది కాబట్టి డిఫెండర్ ఒక్క అడుగు ముందుకు వేసి చెయ్యి అడ్డం పెడితే చాలు. అందుకని జట్లు పాస్ మీద పాస్ చేసుకుంటూ, ఎవరో ఒకరికి ఖాళీ దొరికేదాకా ఓపిక పట్టేవి. పైగా బాస్కెట్ పడిన ప్రతిసారీ బంతిని కోర్టు మధ్యకు తెచ్చి, ఇద్దరు ఆటగాళ్ల నడుమ పైకి ఎగరేసి జంప్ బాల్ వేసేవారు. ఆట మాటిమాటికీ ఆగిపోయేది, స్కోర్లు కూడా అందుకు తగ్గట్టే తక్కువగా ఉండేవి.

హ్యాంక్‌గా పేరుపడ్డ ఏంజెలో లూయిసెట్టి 1916 జూన్ 16న శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబం, తండ్రి రెస్టారెంట్లలో పనిచేసేవాడు. చిన్నప్పుడు దొడ్డికాళ్లు సరికావడానికి కాళ్లకు పట్టీలు వేయించుకున్న పిల్లవాడు ఇతను. ఇంటి దగ్గరి ఆటస్థలంలో తనకంటే పెద్ద కుర్రాళ్లతో ఆడేవాడు. రెండు చేతులతో వేస్తే బంతి బుట్టదాకా వెళ్లేది కాదు. అందుకని ఒకటి రెండు డ్రిబుల్స్ వేసి, ఆ ఊపులోనే ఎగిరి ఒంటిచేత్తో నెట్టడం అలవాటు చేసుకున్నాడు. పరుగులో వచ్చిన వేగం చేతికి అందేది. అంటే ఆటను మార్చిన షాట్ మొదట బలం చాలని పిల్లవాడు కనిపెట్టుకున్న దారి. గెలీలియో హైస్కూల్‌కు వచ్చేసరికి అదే అతని అసలు ఆయుధమైంది.

ఆ షాట్‌ను కాస్త దగ్గరగా చూద్దాం. కుడిచేతివాటం ఆటగాడు పరుగులో ఉన్నాడు. చివరి డ్రిబుల్ గట్టిగా వేస్తాడు, బంతి నడుము దాటి పైకి వస్తుంది. రెండు చేతులూ దాన్ని అందుకుని ముఖం దాకా తెస్తాయి. అక్కడ ఎడమచేతి పని అయిపోయింది, అది పక్కకు తప్పుకుంటుంది. కుడిచేతి మణికట్టు వెనక్కి మడిచి ఉంటుంది, హోటల్లో ప్లేట్లు మోసుకొచ్చే సర్వర్ చెయ్యిలాగా. బంతి బరువంతా వేళ్ల చివరి కణుపుల మీదే ఉంటుంది. ఒంటికాలి మీద లేస్తూ, ఇంకా పైకి వెళుతుండగానే, మోచేయి చాచి మణికట్టును ముందుకు విదిలిస్తాడు. బంతిని చివరగా వదిలేవి చూపుడువేలు, మధ్యవేలు. ఆ విదిలింపుతో బంతి వెనక్కి తిరుగుతూ వెళుతుంది. రింగుకో బోర్డుకో తగిలినప్పుడు ఈ తిరుగుడే దాని వేగాన్ని చంపుతుంది. ఎగిరి దూరంగా పడాల్సిన బంతి అక్కడక్కడే తడబడి చాలాసార్లు లోపలికి జారుతుంది.

ఇది ఇవాళ మనం చూసే జంప్ షాట్ కాదు, ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. జంప్ షాట్‌లో ఆటగాడు నిటారుగా ఎగిరి, బంతిని నెత్తికి పైన పెట్టుకుని, ఎగురు పూర్తయిన చోట వదులుతాడు. తాను అలా ఎగురు చివర వేసేవాణ్ని కాదని, పైకి లేస్తూనే ముఖం పక్కనుంచి వేళ్ల చివరలతో నెట్టేవాణ్నని లూయిసెట్టి తానే తర్వాత వివరించాడు. పాత సెట్ షాట్‌కూ నేటి జంప్ షాట్‌కూ నడుమ ఉన్న మెట్టు అది.

ఒంటిచేతి లాభం వెనక కొంత లెక్క కూడా ఉంది. రింగు వ్యాసం 18 అంగుళాలు, బంతి వ్యాసం సుమారు తొమ్మిదిన్నర. బంతి నిట్టనిలువుగా దిగితే దానికి 18 అంగుళాల నోరు దొరుకుతుంది. 45 డిగ్రీల వాలులో వస్తే ఆ నోరు పన్నెండున్నరకు కాస్త పైన ఉంటుంది. 30 డిగ్రీలకు పడిపోతే తొమ్మిదే, అంటే రింగును తాకకుండా బంతి పట్టదు. బంతిని ఎంత ఎత్తు నుంచి వదిలితే అంత తక్కువ శ్రమతో నిలువుగా దింపవచ్చు. ఛాతీ దగ్గర మొదలయ్యే షాట్‌కూ, ముఖం పక్కన మొదలై చెయ్యి పూర్తిగా చాచిన చోట వదిలే షాట్‌కూ నడుమ ఉన్న తేడా ఇదే. దీనికి తోడు రెండు చేతులూ సమానంగా నెట్టాలన్న బాధ లేదు. ఎడమచేయి రవ్వంత ఎక్కువ నెడితే పాత షాట్ పక్కకు పోయేది. ఒంటిచేతి షాట్‌లో గురి అంతా ఒకే మోచేతి వరసలో ఉంటుంది.

స్టాన్‌ఫర్డ్ కోచ్ జాన్ బన్ కాన్సస్‌లో చదివి, ఆడినవాడు. నైస్మిత్ పాఠాలు చెప్పిన యూనివర్సిటీ అది. అలాంటి చోటి నుంచి వచ్చినవాడు పాత పద్ధతినే పట్టుకుని వేలాడాలి. బన్ అలా చేయలేదు. కొత్తగా వచ్చిన కుర్రాడు తన షాట్ చూపిస్తే, దాన్ని వదలొద్దని చెప్పాడు. ఈ కథలో నాకు లూయిసెట్టి ఎంత ముఖ్యుడో బన్ కూడా అంతే ముఖ్యుడు. అలవాటులో లేని పద్ధతి కనబడగానే దిద్దేయడం కోచ్‌కు సులువు. అది దిద్దాల్సిన తప్పో, పెంచాల్సిన నేర్పో పోల్చుకోవడానికి వేరే కన్ను కావాలి. బాస్కెట్ పడిన ప్రతిసారీ వేసే జంప్ బాల్‌ను తీసేయాలని వాదించినవాళ్లలోనూ బన్ ఉన్నాడు. 1937-38 సీజన్ నుంచి ఆ నిబంధన దేశమంతటా పోయింది. పరుగులో వేసే షాట్‌కు ఆగకుండా సాగే ఆట తోడైంది.

అప్పట్లో అమెరికాలో పడమటి జట్లు, తూర్పు జట్లు ఎప్పుడోగానీ ఎదురుపడేవి కావు. టీవీ లేదు. దేశమంతా చదివే క్రీడావార్తలు ఎక్కువగా న్యూయార్క్ విలేఖరులు రాసినవే. 1934 చివర నెడ్ ఐరిష్ అనే నిర్వాహకుడు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో కాలేజీ మ్యాచ్‌లు పెట్టడం మొదలుపెట్టాక ఆ హాలే కాలేజీ బాస్కెట్‌బాల్‌కు పెద్ద వేదికైంది. 1936 డిసెంబరు 30న స్టాన్‌ఫర్డ్ జట్టు దేశం ఆ చివర నుంచి ఈ చివరకు రైలులో వచ్చి, అక్కడ లాంగ్ ఐలాండ్ యూనివర్సిటీతో తలపడింది. క్లెయిర్ బీ శిక్షణలో లాంగ్ ఐలాండ్ జట్టు వరసగా 43 మ్యాచ్‌లు గెలిచి ఉంది. హాల్లో పదిహేడు వేల మందికి పైగా జనం. పరుగులో ఒంటిచేత్తో వేసే కుర్రాడు వస్తున్నాడన్న మాట అందరి చెవినా పడింది. చాలామంది నమ్మలేదు.

స్టాన్‌ఫర్డ్ 45-31తో గెలిచింది. లూయిసెట్టి 15 పాయింట్లు చేశాడు. ఇప్పటి కళ్లకు 15 చిన్న అంకె. రెండు జట్లూ కలిసి 76 పాయింట్లే చేసిన ఆటలో అది దాదాపు ఐదో వంతు. పాయింట్లకు మించి ఆ రాత్రి జనాన్ని కట్టిపడేసింది ఆట తీరు. అతను డిఫెండర్ ముందు ఆగకుండానే షాట్ వేస్తున్నాడు. షాట్ వేస్తాడనుకుంటే పాస్ ఇస్తున్నాడు, పాస్ అనుకుంటే షాట్ వేస్తున్నాడు. ఎదురుజట్టు సెంటర్ ఆర్ట్ హిల్‌హౌస్ ఆరున్నర అడుగులు దాటిన మనిషి, అంత పొడుగు చెయ్యి కూడా వేళకు అందలేదు. ప్రత్యర్థి ఊళ్లో, ప్రత్యర్థి అభిమానులే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

అందరూ ఒప్పుకోలేదు. న్యూయార్క్ సిటీ కాలేజీ కోచ్ నాట్ హోల్మన్ మహా ఆటగాడిగా పేరున్నవాడు. ఇది బాస్కెట్‌బాలే కాదని, తన కుర్రాళ్లెవరైనా ఒంటిచేత్తో వేస్తే కోచింగ్ మానేస్తానని ఆయన అన్నట్టు చెబుతారు. ఆ మాటను ఇప్పుడు వేళాకోళం చేయడం న్యాయం కాదు. హోల్మన్ కాపాడాలనుకున్నది పాస్‌తో నడిచే ఆటను. ఒంటిచేతి షాట్ వస్తే ప్రతివాడూ బంతి దొరకగానే బుట్ట వైపు విసురుతాడని ఆయన భయం. ఆ భయం పూర్తిగా అబద్ధం కూడా కాలేదు, నేటి ఆట చూస్తే తెలుస్తుంది.

విచిత్రమేమిటంటే ఆ భయానికి లూయిసెట్టి తన ఆటతోనే జవాబిచ్చాడు. 1938 జనవరి 1న క్లీవ్‌లాండ్‌లో డ్యూకేన్ జట్టుపై స్టాన్‌ఫర్డ్ 92-27తో గెలిచినప్పుడు అతను ఒక్కడే 50 పాయింట్లు చేశాడు. ఆధునిక కాలేజీ ఆటలో ఒక మ్యాచ్‌లో యాభై అందుకున్న మొదటివాడు అతనే. ఆ రోజు సహచరులు ముందే మాట్లాడుకుని బంతి ఎవరికి దొరికినా అతనికే ఇచ్చారట. అతను తిరిగి వాళ్లకు పాస్ చేస్తే వాళ్లు మళ్లీ అతనికే పంపారట. తోటివాళ్లు పట్టుబట్టి షాట్ వేయించాల్సి వచ్చిన ఆటగాడు! రికార్డు కంటే నాకు ఈ సంగతే ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది. నాలుగేళ్ల కాలేజీ ఆటలో 1,596 పాయింట్లు చేశాడు, అప్పటికి ఎవరూ అంత చేయలేదు.

మరి ఇంతటివాణ్ని మరిచిపోవడం ఎలా సాధ్యమైంది? కారణాలు ఒక్కటి కాదు. జాతీయ కాలేజీ టోర్నమెంట్ ఎన్‌సీఏఏ 1939లో మొదలైంది, అతను చదువు ముగించిన మరుసటి ఏడు. స్టాన్‌ఫర్డ్ ఆ కప్పు గెలిచింది 1942లో, అతను లేకుండా. కాలేజీ ఆట జ్ఞాపకాలన్నీ ఆ టోర్నమెంట్ చుట్టూ అల్లుకున్నవే కాబట్టి దానికి ముందున్నవాళ్లు గోడ అవతల ఉండిపోయారు. 1938లో పారమౌంట్ సంస్థ అతనితో బెట్టీ గ్రేబుల్ సరసన ‘క్యాంపస్ కన్ఫెషన్స్’ అనే సినిమా తీసింది. డబ్బు తీసుకుని బాస్కెట్‌బాల్ ఆటగాడిగా నటించాడు కాబట్టి అమెచ్యూర్ అథ్లెటిక్ యూనియన్ అతన్ని ఒక ఏడాది ఆటకు దూరం పెట్టింది. మంచి వయసులో ఒక ఏడు అలా పోయింది. తర్వాత ఒలింపిక్ క్లబ్‌కు, ఫిలిప్స్ 66 జట్టుకు ఆడాడు. అవి ఉద్యోగాలు చేసుకుంటూ ఆడే అమెచ్యూర్ జట్లు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది, నేవీలో చేరాడు. అక్కడి జట్టులో ఆడుతున్నప్పుడు అతని ఆట అంతకుముందుకంటే పదునెక్కిందని చూసినవాళ్లు చెప్పారు. 1944లో వెన్నెముక మెనింజైటిస్ సోకింది. ప్రాణం దక్కింది, ఆట దక్కలేదు. గట్టిగా ఆడితే గుండెకు ప్రమాదమని డాక్టర్లు చెప్పారు. తర్వాత ఎన్‌బీఏగా మారిన ప్రొఫెషనల్ లీగు 1946లో మొదలయ్యేసరికి అతనికి ముప్పై ఏళ్లు. అందులో ఒక్క మ్యాచ్ ఆడలేదు. అతని అంకెలు ఆ లీగు పుస్తకాల్లో ఎక్కడా లేవు.

షాట్ మాత్రం ఆగలేదు. 1943లో వయోమింగ్ జట్టును ఎన్‌సీఏఏ విజేతగా నిలిపిన కెన్నీ సెయిలర్స్ దాన్ని నిలువుగా ఎగిరి వేసే జంప్ షాట్‌గా ఆడాడు. కొత్త లీగు మొదటి సీజన్లో జో ఫుల్క్స్ ఎగిరి వేసే షాట్లతోనే పాయింట్లలో అందరికంటే ముందు నిలిచాడు. ఒంటిచేతి షాట్‌ను, జంప్ షాట్‌ను ముందుగా వేసినవాడు ఎవరన్న తగువు తీరేది కాదు. ఊరూరా ఎవరో ఒక కుర్రాడు తనంతట తాను కనుక్కునే ఉంటాడు. లూయిసెట్టి మొదటివాడని నేను అనను. దేశంలో పెద్ద కోర్టులో, అనుమానంగా చూస్తున్న కళ్ల ముందు, గెలిచి చూపించినవాడు అతను. ఆ తర్వాత హైస్కూలు కోచ్‌లకు తమ పిల్లల్ని ఆపడం కష్టమైంది.

ఆట ఆగినా అతను ఆట పక్కనే కొన్నాళ్లు ఉన్నాడు. శాన్ ఫ్రాన్సిస్కోకు చెందిన స్టూవర్ట్ షెవర్లే జట్టుకు కోచ్‌గా 1951లో అమెచ్యూర్ జాతీయ టైటిల్ గెలిపించి, ఆ తర్వాత ట్రావెల్ కంపెనీలో ఉద్యోగం చేసుకున్నాడు. 1959లో స్ప్రింగ్‌ఫీల్డ్ హాల్ ఆఫ్ ఫేమ్ తొలి జాబితాలో నైస్మిత్‌తో పాటు అతని పేరు చేర్చారు. 2002 డిసెంబరు 17న, 86 ఏళ్ల వయసులో కాలిఫోర్నియాలోనే చనిపోయాడు. స్టాన్‌ఫర్డ్‌లో అతని కంచు విగ్రహం ఉంది, చెయ్యి పైకి చాచి షాట్ వేస్తున్నట్టు.

1950లో అసోసియేటెడ్ ప్రెస్ ఆ అర్ధశతాబ్దపు మేటి బాస్కెట్‌బాల్ ఆటగాడెవరో చెప్పమని అమెరికా క్రీడావిలేఖరులను ఓటు అడిగింది. ప్రొఫెషనల్ లీగును ఏలుతున్న జార్జ్ మికన్ మొదటి స్థానంలో నిలిచాడు. పన్నెండేళ్ల కిందటే కాలేజీ వదిలి, ప్రొఫెషనల్ కోర్టు మీద ఒక్క షాట్ కూడా వేయని లూయిసెట్టికి రెండో స్థానం ఇచ్చారు.