జన్యుచికిత్సకు ముందు యెల్లాప్రగడ సుబ్బారావు

రోలుగుంట మండలములో గర్భిణికి ఆరోగ్యకేంద్రమువారు ఇచ్చు రక్తపు మాత్రలోను, బోదకాలు రాకుండ ఉమ్మడి విశాఖపట్నం జిల్లాలో ఇంటింటికి తిరిగి మ్రింగించిన మాత్రలోను, పెద్ద ఆసుపత్రికి పోయిన కీళ్లవాతపు రోగికో రక్తకాన్సరు వచ్చిన బిడ్డకో వైద్యుడు వ్రాసియిచ్చు మెథోట్రెక్సేట్ మందులోను ఒకే తెలుగువాని పరిశోధనా పరిశ్రమము ఇమిడియున్నది. ఫోలిక్ ఆమ్లము, డైఇథైల్ కార్బమజైన్, మెథోట్రెక్సేట్ అను ఈ మూడును యెల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున వెలువడినవని చదువుకొన్నవారిలో కొందరెరుగుదురు. కాని పరాయి జన్యువును మానవకణములో నాటి, ఆ కణము దాని నిలుపుకొన్నదని తొలిసారి నిరూపించిన ప్రయోగము కూడ ఆయన ప్రయోగశాలలో పుట్టిన ఒక పదార్థము ఆధారముననే జరిగినదని ఎరిగినవారు బహుస్వల్పము. జన్యుచికిత్సాశాస్త్రమునకు ఆయన పితామహుడని నేను చెప్పబోను. ఆ శాస్త్రము పుట్టకమునుపే ఆయన గతించెను. అయినను ఆ శాస్త్రము నడచిన బాటలో మొదటి రాళ్లు పరచినవారిలో ఆయన ఒకడని చెప్పుటకు సంకోచింపను.

భీమవరమున 1895 జనవరి 12వ తేదీని జన్మించి, రాజమహేంద్రవరములోను మదరాసులోను విద్యనభ్యసించి, వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందులకు శస్త్రచికిత్సాచార్యుని ఆగ్రహమునకు పాత్రుడై ఎం.బి.బి.ఎస్.కు మారుగా ఎల్.ఎం.ఎస్. పట్టముతో బయటపడిన ఆ యువకుడు, స్ప్రూ అను జీర్ణవ్యాధి కొద్దిదినముల వ్యవధిలోనే ఇద్దరు సోదరులను బలిగొనగా ఆ దుఃఖమును హృదయమున భద్రపరచుకొని, 1923 అక్టోబరులో బోస్టను నగరము చేరెను. అచ్చట ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు శుభ్రపరచి పొట్టపోసికొనుచు హార్వర్డులో చదువు సాగించెను. ఈ కష్టములను గూర్చి మనవారు విరివిగనే వ్రాసిరి. ఆయన చేతిపనిని గూర్చి మాత్రము చాలినంతగా వ్రాయలేదు. ప్రయోగశాలలో ఆయన పద్ధతి యేమి, అది యెందుకంత ఫలవంతమైనదను ప్రశ్నయే నాకు ప్రధానము.

ఆ పద్ధతిలో మొదటిది కొలుచుట. రక్తములోని ఫాస్ఫరస్‌ను లెక్కించు విధానమును హార్వర్డులోని జీవరసాయనశాస్త్రజ్ఞుడు సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1925లో ప్రకటించెను. ఫాస్ఫేటు గల ద్రవమునకు ఆమ్లముతో కూడిన మోలిబ్డేటును చేర్చి, పిమ్మట అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లమును కలిపినచో నీలవర్ణము పొడసూపును. ఆ నీలిమ గాఢతను తెలిసిన ద్రావణముతో సరిపోల్చినచో ఫాస్ఫరస్ ఎంత కలదో తేలును. చూచుటకు ఇది స్వల్పవిషయము. కాని కండరమునుండి తీసిన ద్రవమును ఈ విధముగ పరీక్షించునపుడు రంగు ఒక్కమారుగ రాక, మెల్లమెల్లగ చిక్కబడుచుండుట వారి దృష్టిలో పడెను. మరియొకరైనచో రసాయనములలో దోషమని త్రోసిపుచ్చి యుందురు. వీరు ఆ జాప్యమునే పట్టుకొని, ఆమ్లములో విడిపోవు ఏదియో అజ్ఞాతపదార్థము నుండి ఫాస్ఫేటు క్రమక్రమముగ వెలువడుచున్నదని ఊహించి, దానిని వేరుపరచి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అని తేల్చిరి. కండరము శ్రమించునపుడు అది తరిగి, విశ్రమించునపుడు మరల పెరుగునని చూపిరి. 1929లో ఏ.టి.పి. అను పదార్థమును కనుగొనిరి. జర్మనీలో కార్ల్ లోమన్ అదే సంవత్సరమున స్వతంత్రముగ దానినే కనుగొనెను. జీవకణములో జరుగు పనులలో అధికభాగమునకు శక్తి నందించునది ఆ ఏ.టి.పి.యే, తెగిన డి.ఎన్.ఎ. పోగులను అతికించు ఎంజైములలో అనేకములకు కావలసినదియు అదియే.

ఆ నీలవర్ణవిధానము నేటికిని జీవించియున్నది. 1959లో బార్ట్‌లెట్ దానిని కొవ్వుపదార్థములలోని ఫాస్ఫరస్‌ను లెక్కించుటకు అనువుగ సవరించెను. జన్యువులను కణములలోనికి మోసికొనిపోవు సూక్ష్మమైన కొవ్వుబుడగలను తయారుచేయు పరిశోధకులు, తమ బుడగలలో ఫాస్ఫోలిపిడ్ ఎంత కలదో తెలిసికొనుటకు ఆ సవరించిన విధానమునే అవలంబించుట కద్దు.

హార్వర్డులో స్థిరమైన పదవి లభింపక, 1940లో ఆయన లెడర్లీ ఔషధసంస్థకు మారెను; 1942 నాటికి పరిశోధనాధ్యక్షుడయ్యెను. ఇచ్చట ఆయన రెండవ విద్య వికసించెను. అది వేరుపరచుట, వేరుపరచినదానిని నిర్మించుట. ఫోలిక్ ఆమ్లము కథ బొంబాయి బట్టలమిల్లు కార్మికస్త్రీలతో ఆరంభమైనది. వారికి గర్భధారణకాలమున వచ్చు ఒకవిధమగు రక్తహీనత ఈస్టుసారముతో నయమగుచున్నదని 1930 ప్రాంతమున లూసీ విల్స్ అను వైద్యురాలు గుర్తించెను. 1941లో అమెరికనులు నాలుగు టన్నుల పాలకూరనుండి ఆ పదార్థమును రవ్వంత సేకరించి పేరు పెట్టిరి. సుబ్బారావుగారి బృందము కాలేయమునుండియు సూక్ష్మజీవులనుండియు దానిని వేరుపరచి, నిర్మాణమును నిర్ణయించి, 1945లో కృత్రిమముగ తయారుచేసెను. తన సోదరులను హరించిన స్ప్రూ వ్యాధికి మందు ఆయన చేతిమీదుగనే లోకమునకు లభించెను.

మూడవ విద్య అన్నిటికంటె సూక్ష్మమైనది. ఒక పదార్థమువలెనే కనబడుచు, దాని స్థానమున జొరబడి, దాని పనిని సాగనీయని నకలును నిర్మించుట. ఫోలిక్ ఆమ్లములో స్వల్పమగు మార్పు చేసి, ఆయన సహచరులలో డోరిస్ సీగర్ మొదలగువారు అమైనోప్టెరిన్‌ను సృజించిరి. దానిని బోస్టనులో సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సరుతో మరణోన్ముఖులైన 16 మంది బాలబాలికల కిచ్చి చూడగా, 10 మందిలో కొంతకాలము వ్యాధి వెనుకంజవేసెను. 1948 జూనులో ఆ ఫలితము ప్రకటితమయ్యెను. ఆగస్టులో సుబ్బారావుగారు న్యూయార్కులో నిద్రలోనే కన్నుమూసిరి, వయస్సు 53. మెథోట్రెక్సేట్ ఆ అమైనోప్టెరిన్‌కు సోదరి.

ఇక 1962వ సంవత్సరమునకు రావలెను. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున పోలండు దేశీయుడైన వాట్స్‌వావ్ షిబాల్స్కీయు, ఎలిజబెత్ షిబాల్స్కాయు ఒక చిక్కుప్రశ్నను ఎదుర్కొనిరి. బాక్టీరియాలోనికి డి.ఎన్.ఎ.ను ప్రవేశపెట్టి వాని గుణమును మార్చవచ్చునని 1944లోనే ఏవరీ బృందము చూపియుండెను. మానవకణములలో అది జరుగునా? జరిగినను లక్షలాది కణములలో ఏ ఒకటి రెండింటిలోనో జరుగును; వానిని మిగిలినవానినుండి ఏరుట యెట్లు? వెదకి ఏరుట మానవమాత్రునికి శక్యము కాదు. కావున మార్పు చెందని కణము లెల్ల తమంత తాము నశించు పరిస్థితిని కల్పింపవలెను.

కణము విభజన చెందవలెనన్న డి.ఎన్.ఎ. తయారుకావలెను, డి.ఎన్.ఎ.కు ప్యూరిన్‌లు అను పదార్థములు కావలెను. వానిని సంపాదించుటకు కణమునకు రెండు మార్గములు గలవు. వర్షాకాలమున గెడ్డ పొంగి పెద్దబాట తెగినపుడు కొండవార కాలిబాట తెలిసినవాడే ఊరు చేరినట్లు, మొదటి మార్గము మూసికొనిపోయినపుడు రెండవ మార్గము గల కణమే బ్రతుకును. మొదటి మార్గమున ఫోలిక్ ఆమ్లము సహాయముతో కణము ప్యూరిన్‌లను మూలమునుండి నిర్మించుకొనును. రెండవ మార్గమున హెచ్.పి.ఆర్.టి. అను ఎంజైముతో, బయటనుండి లభించు హైపోక్సాంథిన్‌ను మలచుకొనును. షిబాల్స్కీ దంపతులు ఆ ఎంజైము లోపించిన మానవకణములను తీసికొని, ఎంజైము గల కణముల డి.ఎన్.ఎ.ను వానికి అందించి, పిమ్మట అమైనోప్టెరిన్, హైపోక్సాంథిన్, థైమిడిన్‌లు గల పోషకద్రవములో పెంచిరి. అమైనోప్టెరిన్ మొదటి మార్గమును పూర్తిగ మూసివేసెను. జన్యువును స్వీకరింపని కణములు చచ్చెను. స్వీకరించినవి మాత్రము హైపోక్సాంథిన్‌ను వాడుకొని వృద్ధిపొంది, ఆ గుణమును తమ సంతతికి సంక్రమింపజేసెను. లోపించిన జన్యువును అందించి లోపమును సరిదిద్దవచ్చునను భావమునకు ఇదియే తొలి ప్రత్యక్షప్రమాణము. వారు సరిదిద్దిన ఆ లోపమే లెష్–నైహన్ అను క్రూరమగు శిశువ్యాధికి కారణమని 1967లో తెలిసినది.

అమైనోప్టెరిన్ లేనిదే ఈ ప్రయోగము లేదు. ఫోలిక్ ఆమ్లము పనిని అంత నిశితముగ నిరోధించు సాధనము పదునాలుగేండ్ల క్రిందటనే ఒక తెలుగువాని నాయకత్వమున సిద్ధమై యుండుటచేతనే, కణములలో మార్పు పొందినదేదో పొందనిదేదో తెలిసికొనుటకు వారికి మార్గము దొరకెను. ఆ పోషకద్రవమే హాట్ (హెచ్.ఏ.టి.) మాధ్యమమను పేర ప్రసిద్ధికెక్కి, 1975లో కోలర్, మిల్‌స్టీన్‌ల ఏకక్లోను ప్రతిదేహముల ఆవిష్కరణకును తోడ్పడెను. 1980లో మార్టిన్ క్లైన్ అను వైద్యుడు ఎలుకల ఎముకమజ్జలోనికి చొప్పించిన జన్యువులలో ఒకటి, మెథోట్రెక్సేట్‌ను తట్టుకొను శక్తి నిచ్చు జన్యువే. ఆ ఉత్సాహమున ఆయన తన విశ్వవిద్యాలయపు అనుమతి లేకయే ఇద్దరు థాలసేమియా రోగులపై ప్రయోగించి, తీవ్రమగు గర్హకు గురియయ్యెను. ఆ గర్హ న్యాయమే. అనుమతి పొందిన చికిత్స 1990 సెప్టెంబరులో, రోగనిరోధకశక్తి లోపించిన నాలుగేండ్ల బాలికకు అమెరికాలో జరిగెను. మన దేశమున రాయవేలూరు క్రైస్తవ వైద్యకళాశాలవారు హీమోఫిలియా-ఏ రోగులు అయిదుగురికి, వారి మూలకణములలోనే లోపించిన జన్యువును చేర్చి చికిత్స గావించి, ఆ ఫలితములను 2024 డిసెంబరులో వెల్లడించిరి.

రోలుగుంటకు ఎగువనున్న మన్యములో చింతపల్లి, పాడేరు, అరకు వైపు గిరిజనులలో సికిల్ సెల్ వ్యాధి కలదు. బీటా గ్లోబిన్ జన్యువులో ఒక్క అక్షరము మారుటచే ఎఱ్ఱకణము కొడవలివలె వంగి, త్వరగ చితికిపోవును. చితికినదానికి బదులు మజ్జ నిరంతరము క్రొత్తకణములను నిర్మింపవలసియుండుటచే ఆ బిడ్డలకు ఫోలిక్ ఆమ్లపు మాత్ర నిత్యము ఇత్తురు. 2023లో బ్రిటనులోను అమెరికాలోను ఈ వ్యాధికి జన్యుసవరణచికిత్స ఆమోదము పొందినది. రోగి మూలకణములను తీసి, గర్భస్థశిశువులో ఉండు హీమోగ్లోబిన్‌ను అణచిపెట్టు అంశమును సడలించి, రోగి మజ్జను మందుతో ఖాళీచేసి, సవరించిన కణములను తిరిగి ఎక్కింతురు. ఆమోదము నాటికి అమెరికాలో దాని వెల 22 లక్షల డాలర్లు.

సుబ్బారావుగారి కృషిలో నాకు అత్యంత పూజ్యముగ తోచునది ఇచ్చటనే స్మరణకు వచ్చును. పసిఫిక్ యుద్ధమున సైనికులకు సోకిన ఫైలేరియాను పురస్కరించుకొని ఆయన బృందము 1947లో వెలువరించిన డైఇథైల్ కార్బమజైన్, చౌకగ తయారగు చిన్నమాత్ర కాబట్టియే, కోట్లాదిజనులకు ఉచితముగ పంచుటకు వీలయ్యెను. జన్యుచికిత్స ఆ దశకు ఇంకను రాలేదు. ఒక్కొక్క రోగికి ఒక్కొక్క మందు తయారు చేయవలసినంత కాలము, మజ్జను ఖాళీచేసి వారముల తరబడి పెద్ద ఆసుపత్రిలో ఉంచవలసినంత కాలము, ఆ వెల తగ్గదు. 2025లో ఫిలడెల్ఫియా వైద్యులు ఒక శిశువు కాలేయములోని జన్యుదోషమును, కొవ్వుకణికలలో పొదిగిన సవరణసాధనమును సిరకు ఎక్కించి, దేహములోనే సరిదిద్దిరి. కాలేయమును చేరినంత సులభముగ ఆ కణికలు ఎముకమజ్జను చేరుట లేదు. వానిని అచ్చటికి చేర్చు విద్య సాధింపబడి, ఒక సూదిమందుగ పాడేరు ఆసుపత్రికి రాగలిగిననాడు మన్యపు బిడ్డకు ఈ శాస్త్రము అక్కరకు వచ్చినదగును. ఆ పనికి పూనుకొను తెలుగు యువశాస్త్రజ్ఞులకు 1925నాటి ఆ ఫాస్ఫరస్ వ్యాసము మొదటి పాఠముగ చదువదగినది.