మద్రాసు పాటకి తల్లి పేరు

నా పరిశోధన క్షేత్రయ్య పదాల మీద. మౌఖిక పరీక్ష రోజున ఒక ప్రొఫెసర్ ‘వీటిని ఎవరి నోటనైనా విన్నావామ్మా?’ అని అడిగారు. ‘లేదు సార్, ముద్రిత ప్రతులు చూశాను’ అన్నాను. అదే సరైన జవాబన్నట్టు ఆయన తలూపి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయారు. డిగ్రీ వచ్చింది. ఆ జవాబు మాత్రం నన్ను వదల్లేదు. పురుషుడు రాసిన నాయిక గొంతు గురించి వందల పేజీలు రాసిన నేను, ఆ పదాల్ని తరతరాలుగా తమ గొంతులో దాచుకొచ్చిన స్త్రీలకి ఒక్క అధ్యాయమైనా ఇవ్వలేదు.

ఆ అప్పు తీర్చుకుందామనే చెన్నై వెళ్లాను. సంగీత నగరమంటే మైలాపూరు, డిసెంబరు కచేరీలు అని చెబుతారు. నేను జార్జ్ టౌన్‌తో మొదలుపెట్టాను. ఇప్పుడక్కడ టోకు దుకాణాలు, మూటలు మోసే బళ్లు, ఇరుకు సందులు. వీణ ధనమ్మాళ్ (1867-1938) ఇల్లు ఆ సందుల్లోనే ఉండేది. శుక్రవారం సాయంత్రం ఆమె వీణ వినడానికి పేరున్న విద్వాంసులే ఆ గడప తొక్కేవారు. తమిళ నగరం నడిబొడ్డున, ఒక స్త్రీ ఇంట్లో, మన తెలుగు పదం బతికింది. మనవరాళ్లు బృంద, ముక్త దాన్ని పాడారు, బాలసరస్వతి అభినయించింది. ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను 1910లో మళ్లీ వెలుగులోకి తెచ్చిన బెంగుళూరు నాగరత్నమ్మ కూడా ఈ మద్రాసు గాయనే.

ఈ పేర్ల దగ్గరే నేను ఆగిపోయాను. బెంగుళూరు నాగరత్నమ్మ, కోయంబత్తూరు తాయి, సేలం గోదావరి. తొలినాటి గ్రామఫోను రికార్డుల మీద పేరుకి ముందు ఊరుంది, తండ్రి లేడు, భర్త లేడు. తర్వాతి తరంలో ఊరూ పేరూ పొడి అక్షరాలయ్యాయి. ఎం.ఎస్. అంటే మదురై షణ్ముఖవడివు. షణ్ముఖవడివు సుబ్బులక్ష్మి తల్లి. కె.బి. సుందరాంబాళ్‌లో ‘బి’ కూడా తల్లి బాలాంబాళే. పెళ్లితో ఇంటిపేరు మారిపోయే మనం ఆ అక్షరాల్ని ఎన్నిసార్లు పలికామో! వాటి వెనక ఒక అమ్మ ఉందని ఎప్పుడైనా తోచిందా?

అలాగని దేవదాసీ వ్యవస్థకి హారతి పట్టలేను. ఆ కులంలో పుట్టిన తల్లికి కూతురైన ముత్తులక్ష్మి రెడ్డే దాని రద్దు కోసం పోరాడింది. 1947లో చట్టం వచ్చింది. చిన్నపిల్లల్ని గుడికి అంకితం చేయడం ఆగాల్సిందే. నా ప్రశ్న వేరు. ఆ స్త్రీల జీవితాన్ని తప్పుబట్టిన సమాజం వాళ్ల కళని మాత్రం ఎందుకు ఉంచుకుంది? 1928లో మ్యూజిక్ అకాడమీ ఏర్పడింది. దాని ‘సంగీత కళానిధి’ గౌరవం ఒక స్త్రీకి దక్కింది 1968లో, సుబ్బులక్ష్మికి. పాట ఇంటి నుంచి సభకి చేరేసరికి గృహిణిలా కనిపించడం కూడా గాయని అర్హతల్లో ఒకటైంది.

అక్కడి నుంచి కోడంబాకం, వడపళని. మన సుశీల, జానకి వచ్చి చేరిన స్టూడియోల లోకం. ఇక్కడ గొంతు ఒకరిది, శరీరం ఇంకొకరిది. ‘పి’ పులపాక, ‘ఎస్’ శిష్ట్లా. పొడి అక్షరంలోకి ఇంటిపేరు వచ్చేసింది. సినిమా గొంతుల్ని కూడా పంచింది. నాయికకి ఎక్కువగా సుశీల, క్లబ్బు పాటకి ఎల్.ఆర్. ఈశ్వరి. పాత పాటల కార్యక్రమంలో సుశీల వస్తే మా అమ్మ గొంతు కలిపేది. ఈశ్వరి వస్తే లేచి టీవీ శబ్దం తగ్గించేది. నగరం గీసిన ఆ గీత మా వంటింటి దాకా వచ్చిందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. క్షేత్రయ్య నాయిక కోరికని పాఠంగా చదివి మెచ్చుకున్న నేను, అదే కోరిక ఈశ్వరి గొంతులో వినబడితే తల దించుకునే పిల్లనే కదా!

తిరిగొచ్చాక బృంద, ముక్తల రికార్డింగు పెట్టుకుని నా సిద్ధాంత గ్రంథం తెరిచాను. నేను శృంగారమని రాసి దాటేసిన చోట వాళ్లు ఒకే మాటని నాలుగు రకాలుగా పలుకుతున్నారు. ఒకసారి నిష్ఠూరం, ఒకసారి వెటకారం, ఒకసారి అలుపు, చివరికి చనువు. అవేవీ ముద్రిత ప్రతిలో లేవు. అర్థంలో సగం పాడేవాళ్లే చేశారు. మనం వాళ్లని కేవలం ‘భద్రపరిచినవాళ్లు’ అనేశాం.

అమ్మకి కూడా వినిపించాను. చివరిదాకా విని, ‘ఇది అంత మర్యాదైన పాటేం కాదుగదే’ అంది. ఈసారి శబ్దం తగ్గించలేదు.