'చార్మినార్' కథల్లో ఇరుగుపొరుగు: ఒక పరిశీలన

నెల్లూరి కేశవస్వామి (1920–1984) కథాసంపుటి 'చార్మినార్' 1981లో వెలువడింది. అప్పటికే హైదరాబాదు నగరం కూకట్‌పల్లి వైపు విస్తరిస్తోంది. ఈ కథలు మాత్రం పోలీసు చర్య (1948 సెప్టెంబరు) ముందువెనుకల పాతనగరాన్నే ఆశ్రయించాయి. 'యుగాంతం' ఉన్నందున సంపుటిని రాజకీయ చరిత్రకు సాక్ష్యంగా చదవటం సులువు. కాని దాని అసలు బలం ఇరుగుపొరుగు సంబంధాల చిత్రణలో ఉంది.

'రూహీ ఆపా' అన్న శీర్షికే ఇందుకు నిదర్శనం. ఉర్దూలో ఆపా అంటే అక్క. 'రూహీ అక్క' అని ఉంటే అర్థం చెడదు. అయితే పరాయి ఇంటి గడప దాటిన చనువు పాఠకుడికి అందదు. వరస ఇద్దరిదీ, పిలుపు మాత్రం ఆ ఇంటిది. ఉర్దూ మాటను స్థానికతను అద్దటానికి వాడటం వేరు, బంధుత్వాన్ని నిలపటానికి వాడటం వేరు. కేశవస్వామిది రెండవ పద్ధతి.

లోపమూ లేకపోలేదు. దేవిడీల లోపలి జీవితం పరచుకున్నంతగా ఈ కథల్లో బజారు పరచుకోదు. లాడ్ బజారు గాజుల దుకాణాలు, పత్తర్‌గట్టీ బట్టల అంగళ్లు, 1950ల ఆరంభంలో హాలీ సిక్కా, భారత రూపాయి పక్కపక్కనే చెల్లిన లావాదేవీలు కూడా ఆనాటి పొరుగుతనంలో భాగమే.

నేటి కూకట్‌పల్లి అపార్టుమెంట్లలో ఇరుగుపొరుగును కలిపే పిలుపులు 'అంకుల్', 'ఆంటీ'. వాటిలో 'ఆపా' అంత వరస పలికించగల కథ ఐటీ నగరం నుండి రావలసే ఉంది.