పక్కవాళ్ళ రాతకు మన వికీలో చోటు

వికీని నలుగురు కలిసి రాసుకుంటారు. ఒకరు మొదలుపెడితే ఇంకొకరు దిద్దుతారు, మూడోవాళ్ళు చేర్పులు చేస్తారు. 1995 మార్చిలో వార్డ్ కన్నింగ్‌హామ్ మొట్టమొదటి వికీని జనం ముందు పెట్టినప్పటి నుంచీ నడుస్తున్న పద్ధతి ఇదే. చిక్కల్లా ఆ నలుగురికీ ఒకేసారి తీరిక లేకపోయినప్పుడు వస్తుంది. వికీ ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. అదే విషయం మీద బయట ఎందరు ఎంత రాస్తున్నా దానికి తెలియదు. తెలుగు ఫాంట్లు, కీబోర్డులు, సాఫ్ట్‌వేర్ అనువాదాల గురించి మిత్రులం కొందరం నడుపుకునే వికీ ఇలాగే చడీచప్పుడూ లేకుండా ఉంటే, ఈమధ్య దానికి ఫీడ్లను పోగుచేసే ప్లగిన్ ఒకటి అమర్చాను.

ఫీడ్ తెలుగువాళ్ళకు కొత్తదేం కాదు. ఒక సైట్లో కొత్తగా ఏం వచ్చిందో యంత్రాలు చదువుకోగలిగేలా ఒక చిరునామాలో పెట్టే జాబితా అది. 1999లో నెట్‌స్కేప్ ఆర్.ఎస్.ఎస్. తొలి రూపాన్ని తెచ్చింది. 2005 డిసెంబరులో ఆటమ్ ప్రమాణం వచ్చింది. తెలుగు బ్లాగులు జోరుగా ఉన్న రోజుల్లో కూడలి, జల్లెడ, హారం, మాలిక అనే బ్లాగుల సంకలినులు ఈ ఫీడ్ల మీదే నడిచాయి. ఎక్కడో హైదరాబాదులో ఒకరు, కాలిఫోర్నియాలో ఒకరు రాసింది ఒకే పేజీలో కనబడిందంటే అది ఫీడ్ చలవే. 2013 జులై 1న ఫీడ్లు చదివించే గూగుల్ రీడర్ మూతపడ్డాక ఫీడ్ల పనైపోయిందనుకున్నవాళ్ళు చాలామంది. అవి మాత్రం ఇవాళ్టికీ పనిచేస్తూనే ఉన్నాయి.

మాది ఇకివికీ. జోయ్ హెస్ 2006లో పెర్ల్ భాషలో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. దీనికి డేటాబేస్ అక్కర్లేదు. పేజీలన్నీ మామూలు ఫైళ్ళు, వాటి మార్పుల చరిత్ర గిట్‌లో ఉంటుంది. ఇందులో అగ్రిగేట్ అనే ప్లగిన్ ఉంది. పెర్ల్‌లో ఫీడ్లు చదివే మాడ్యూళ్ళు వేసుకుని, సెటప్ ఫైల్లో ప్లగిన్ పేరు చేర్చి, ఏదైనా ఒక పేజీలో ఫీడ్ పేరు, చిరునామా, వచ్చినవి దాచాల్సిన ఫోల్డరు రాస్తే చాలు. వేళకు పనులు నడిపే క్రాన్‌లో ఒక వరుస పెడితే అదే వెళ్ళి తెస్తుంది. అమర్చడం అంతే.

ఇదంతా చూసి మాలో పెద్దాయన ఒకరు, "లింకులు వాట్సాప్‌లో పంచుకుంటూనే ఉన్నాం కదండీ, మళ్ళీ ఇదెందుకు?" అన్నారు. అడగాల్సిన ప్రశ్నే. వాట్సాప్‌లో వచ్చిన లింకు సాయంత్రానికి శుభాకాంక్షల కింద ఎక్కడో ఉంటుంది. వికీలో అయితే ఒక్కో ఫీడుకు ట్యాగ్ తగిలించవచ్చు. ఫాంట్ల ట్యాగ్ ఉన్నవన్నీ ఫాంట్ల పేజీ అడుగునే కనబడేలా చెయ్యవచ్చు. మేం రాసుకున్నదాని పక్కనే, అదే విషయం మీద బయటివాళ్ళు తాజాగా ఏమంటున్నారో తెలుస్తుంది. అది చదివినవాళ్ళకు మా పేజీలో ఏది పాతబడిందో ఇట్టే పట్టుబడుతుంది. విడిగా ఏ రీడర్ యాప్ పెట్టుకున్నా ఈ సౌకర్యం రాదు.

ప్లగిన్ పెట్టడం సులువే. దానికి మర్యాద నేర్పడం మన పని. చెప్పకుండా వదిలేస్తే అది ప్రతి 15 నిమిషాలకూ ఫీడును అడుగుతుంది, అంటే రోజుకు 96 సార్లు. నెలకు రెండు వ్యాసాలు రాసే మనిషి గుమ్మంలో రోజూ 96 సార్లు నిలబడి "కొత్తదేమైనా ఉందా" అంటే ఎంత చిరాకు! చిన్న సర్వర్ల మీద సొంత ఖర్చుతో రాసేవాళ్ళకు ఇది బరువు కూడా. అందుకే వార్తల సైట్లకు గంట, వ్యక్తులు రాసేవాటికి ఒక రోజు అని వ్యవధి పెట్టాను. ఎవరికీ ఏ లోటూ రాలేదు.

ప్లగిన్‌కున్న ఇంకో అలవాటు, తెచ్చినదాన్ని ఎప్పటికీ అట్టే పెట్టుకోవడం. గడువు మనమే చెప్పాలి, చెప్పకపోతే ఏదీ పోదు. మేం ముప్పై రోజులు పెట్టుకున్నాం. దీని మీద మాలో వాదన జరిగింది. మంచి వ్యాసం పోతే ఎలా అని ఇద్దరు పట్టుబట్టారు. వ్యాసం ఎక్కడికీ పోదు, రచయిత దగ్గర ఉంటుంది. మన దగ్గర నిలవాల్సింది దాన్ని చదివి మనం రాసుకున్న నాలుగు వాక్యాలు, దానికిచ్చిన లింకు. అంత విలువైనదని ఎవరికైనా అనిపిస్తే ఈ నెల రోజుల్లో ఒకరు కూర్చుని వికీ పేజీలోకి ఎక్కించాలి. ఎవరికీ అనిపించలేదంటే అది వెళ్ళిపోయినా నష్టం లేదు. ఫీడ్ల ద్వారా వచ్చినవాటిని ఇకివికీ గిట్‌లో చేర్చదు. ఒకరి రాతను మన చరిత్రలో కలిపేసుకోకపోవడం నాకు నచ్చింది.

తెలుగు దగ్గర ఒక సాంకేతికమైన తిరకాసు ఉంది. వచ్చిన వ్యాసం శీర్షికే ఫైలు పేరవుతుంది. లినక్సులో ఫైలు పేరు సాధారణంగా 255 బైట్లు దాటకూడదు. యూనికోడ్ యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోటీ 3 బైట్లు, గుణింతపు గుర్తు, పొల్లు వేటికవే లెక్క. "స్త్రీ" అన్న ఒక్క అక్షరానికే 18 బైట్లు పోతాయి. ఇంగ్లీషులో హాయిగా పట్టే శీర్షిక తెలుగులో పట్టదు. అప్పుడు ప్లగిన్ శీర్షికను వదిలేసి ఐటమ్ అని ఏదో పేరు పెట్టి ఊరుకుంటుంది. పాఠకుడికి కనబడే శీర్షికకు ఢోకా లేదు కానీ, ఫోల్డరు తెరిచి చూసుకునేవాళ్ళు ఇది తెలుసుకుని ఉండాలి.

భద్రత సంగతి మాత్రం ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. బయటి నుంచి వచ్చే ప్రతి వ్యాసం పరాయి హెచ్‌టీఎమ్‌ఎల్. అందులో స్క్రిప్టులుంటే మన పాఠకుల బ్రౌజర్లో నడుస్తాయి. వాటిని ఏరేసే స్క్రబ్బర్ ప్లగిన్‌ను ఏ కారణంతోనూ ఆపకూడదు. రెండో ముప్పు ఇంకా లోతైనది. పేజీని దిద్దే అవకాశం ఉన్న ఎవరైనా కొత్త ఫీడ్ చిరునామా రాసేయగలరు, దాన్ని తెచ్చేది మాత్రం మన సర్వర్. ఆ చిరునామా సర్వర్ లోపలి నెట్‌వర్కుదో, సర్వర్లోని ఫైలుదో అయితే? సరిగ్గా ఈ లోపమే ఇకివికీలో బయటపడితే 2019 ఫిబ్రవరి చివర్లో సరిచేశారు. పాత వెర్షన్ వాడుతున్నవాళ్ళు ముందు దాన్ని మార్చుకోవాలి. మేం ఫీడ్ల జాబితా ఉన్న పేజీకి తాళం వేసి, ఇద్దరికే తాళంచెవి ఇచ్చాం.

ఇక చివరి నిర్ణయం: వ్యాసం మొత్తం చూపాలా, శీర్షిక మాత్రమేనా? ప్లగిన్ రెండూ చేస్తుంది. మొత్తం చూపితే పాఠకుడికి సుఖం, పేజీ నిండుగా కనబడుతుంది. అయినా శీర్షిక, రచయిత పేరు, తేదీ చాలన్నాను నేను. నొక్కితే నేరుగా రచయిత సైటుకు వెళుతుంది. రాసినవాళ్ళకు పాఠకుడు తమ దగ్గరికి రావడమే ప్రతిఫలం. వాళ్ళ ఫీడ్ బహిరంగంగా ఉంది కదా అని ఆ పాఠకుణ్ణి మన గుమ్మంలోనే ఆపేసే హక్కు మనకు రాదు. అనుమతి అడిగి మొత్తం వేసుకుంటే అది వేరే సంగతి.

తెలుగులో పత్రికలూ, ప్రచురణ సంస్థలూ, సొంత సైట్లున్న రచయితలూ చాలామంది ఉన్నారు. ఆ సైట్లలో కొన్నిటికి ఫీడే లేదు, కొన్నిటికి ఉన్నా అది పనిచేయడం ఎప్పుడు ఆగిందో యజమానులకు తెలియదు. మీకొక సైటుంటే ఈ వారం మీ ఫీడ్ చిరునామా ఒకసారి తెరిచి చూడండి. చివరి వ్యాసం అందులో లేకపోతే, సైటు చూసుకునేవారికి చెప్పి బాగు చేయించండి.