యెంకిపాటలు: గాయకుల పలుకు

నండూరి వేంకటసుబ్బారావుగారి యెంకిపాటలు 1925లో గ్రంథముగా వెలువడినవి. ఆ వలపుపాటలను వింజమూరి అనసూయాసీతలును, శాస్త్రీయగానకోవిదులగు శ్రీపాద పినాకపాణిగారును గానము చేసిరి. గాయకుఁడు మాఱఁగా గమకములు మాఱుట దోషము గాదు. సభ్యత పేర పలుకును మార్చుటయే దోషము. వెన్నెల యెన్నెలయైనట్లే వెంకి యెంకియైనది. పల్లెవారినోట ఎత్వముతోడి పదాదివకారము నిలువదు. ఇది నియమము, నియమమున్నచోట లక్షణము లేదనరాదు. చిన్నయసూరి లక్షణవిరుద్ధమునే గదా గ్రామ్యమనెను! ఇందు విరోధమెక్కడిది? మన్యమునందలి అడ్డతీఁగలను అచటివారు పలికినట్లే యెల్లరును వ్రాయుదురు. యెంకిని మాత్రము వెంకిగా దిద్దనేల? అట్లు దిద్దినచో నాయుఁడుబావ ప్రేయసిని బిలిచినట్లుండదు, బడిలో పంతులు హాజరుపట్టీ చదివినట్లుండును.