తీసే వరుస తెలిసినవాడు

శిల్పం మీద తెలుగులో వచ్చిన పుస్తకాలు చాలావరకు పూర్తయిన శిల్పం గురించే మాట్లాడతాయి. ఏ రాజుల కాలానిది, ఏ చేతిలో ఏ ఆయుధం ఉంది, ఆ ముద్ర పేరేమిటి, ఆ కిరీటం ఏ రకం అని వివరంగా చెబుతాయి. అవీ కావలసినవే. కానీ రాయి మీద మొదటి దెబ్బ ఎక్కడ పడింది, ఆఖరి దెబ్బ ఎక్కడ పడింది, మధ్యలో ఏ భాగాన్ని ఎందుకు ముట్టుకోకుండా ఉంచారు అన్న సంగతి ఉలి పట్టిన చేతులకే తెలుస్తుంది. ఆ చేతులు కలం పట్టడం అరుదు. ఈ పుస్తకం రాసిన బెళుగుప్ప యువశిల్పి పట్టాడు. బడిపిల్లలకు బొమ్మలు నేర్పడంలో బతుకు గడిపిన డ్రాయింగు మాస్టరును నేను. గీత తప్పితే రబ్బరుతో చెరిపేసే విద్య నాది. చెరపడానికి వీల్లేని విద్య గురించి ఇంత విపులంగా రాసినవాడికి ముందుమాట రాయడం నాకు దక్కిన గౌరవం.

కళ్యాణదుర్గానికీ ఉరవకొండకూ నడుమ ఉన్న బెళుగుప్ప ప్రాంతం తెలియనివారికి ఒక్కమాట చెప్పాలి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే మహాభాగ్యం అనుకునే అనంతపురం జిల్లా మాది. బుడ్డల (వేరుశెనగ) చేను ఎండితే కూలికి బెంగళూరు బస్సెక్కడం ఇక్కడ కొత్త కాదు. 2012లో హంద్రీ-నీవా కాలువ మీదుగా కృష్ణా నీళ్ళు ఈ మండలంలోని జీడిపల్లి జలాశయానికి చేరాక కొన్ని ఊళ్ళ ముఖం కాస్త మారింది. అంతకు ముందయినా తరువాతయినా ఈ నేలలో ఎన్నడూ కరువు రానిది రాయి ఒక్కటే. నాగలి కింద బండ, బావి తవ్వితే బండ, ఊరి చుట్టూ గుండ్లు. ఆ బండను పగలగొట్టి పొట్ట పోసుకున్న కుటుంబంలో పుట్టినవాడు ఇతడు. తండ్రితాతలు కట్టుబడి రాయి కొట్టారు. ఇతడు తిరుపతి వెళ్ళి స్థపతుల దగ్గర విగ్రహం చెక్కడం నేర్చుకుని వచ్చాడు. ఈ రెండు విద్యలూ ఒకే మనిషిలో కలవడం వల్లే ఈ పుస్తకానికి ఇంత బలం వచ్చిందని నా నమ్మకం. శాస్త్రం చదివినవాళ్ళకు రాయి వాటం తెలియదు, వాటం తెలిసినవాళ్ళకు శాస్త్రం అందదు. ఇతడికి రెండూ తెలుసు.

రాయిని ఎంచుకునే అధ్యాయమే చూడండి. శిల్పశాస్త్రాలు రాళ్ళను పుంశిల, స్త్రీశిల, నపుంసకశిల అని మూడుగా చెబుతాయి. తడితే గంటలా నిండుగా మోగేది మూలవిరాట్టుకు, కంచులా మోగేది దేవేరులకూ పీఠానికీ, మోగనిది పునాదికి. ఇది అందరూ ఉదాహరించే మాటే. ఇతడు అక్కడ ఆగలేదు. సుత్తితో ఒక్కచోట తట్టి తీర్పు చెప్పకూడదట. నిలువునా, అడ్డంగా జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ పోవాలి. ధ్వని ఎక్కడ మారిందో అక్కడ జాజుతో గుర్తు పెట్టాలి. తరువాత రాయి అంతా తడిసేలా నీళ్ళు పోసి, నీడలో కూర్చుని చూడాలి. పైన తడి ఆరిపోయాక కూడా ఒక సన్నని గీత ఆరకుండా నల్లగా మిగిలిందంటే అక్కడ లోపల చీలిక ఉంది. ఆ గీత విగ్రహం మెడలోకి వచ్చేట్టుంటే ఆ రాయిని వదిలేయాలి. పాదపీఠం కిందికి వచ్చేట్టుంటే వాడుకోవచ్చు. ఇంత పనికొచ్చే సంగతి నేను చదివిన ఏ శిల్పగ్రంథంలోనూ ఇంత సూటిగా లేదు.

ఈ పుస్తకం అసలు ప్రాణం మాత్రం మరోచోట ఉంది. రాయిలో దేవుడు ముందే దాగి ఉంటాడు, శిల్పి అడ్డున్న రాయిని తీసేస్తే చాలు అని సభల్లో తరచూ వింటుంటాం. వినడానికి బాగుంటుంది. ఆ మాట నమ్మి ఉలి పట్టిన కుర్రవాడు మొదటి వారంలోనే ముక్కు విరగ్గొడతాడు. శిల్పమంటే తీసివేత అని అందరికీ తెలుసు, దేని తరువాత ఏది తీయాలన్న వరుస తెలిసినవాడే శిల్పి అని ఈ రచయిత నిరూపించాడు. మట్టిబొమ్మకు మట్టి మళ్ళీ అతకవచ్చు. రాతికి ఆ వెసులుబాటు లేదు. అందుచేత ప్రతి దశలోనూ తరువాతి దశకు కావలసినంత రాయి మిగిల్చి ఆగాలి. ముక్కును మొదట కావలసినదానికన్నా పెద్దదిగా ఉంచాలి, తగ్గించుకోవచ్చు గనుక. కంటిని చిన్నదిగా ఉంచాలి, పెంచుకోవచ్చు గనుక. పెదవుల మధ్య గీత చాలా ఆలస్యంగా పడాలి. చెవిని తలకు అంటిపెట్టుకున్న దిమ్మలా చాలాకాలం వదిలేయాలి. ఎత్తిన చేతి వేళ్ళ మధ్య రాయి చివరిదాకా అలాగే ఉండాలి, ఎందుకంటే ఆ రాయే వేళ్ళను కాపాడుతుంది. “సార్, కొట్టేది ఎవురన్నా కొడతారు, యాడ నిలపల్లనో తెలిసేదే పని” అని ఇతడు నాతో అన్నాడు.

మా జిల్లాలో వ్యాసరాయలవారు ప్రతిష్ఠించారని చెప్పుకునే ఆంజనేయులు చాలామంది ఉన్నారు. కసాపురం నెట్టికంటి స్వామి, మురడి, నేమకల్లు స్వాములు అందరికీ తెలిసినవారే. ఆ సంప్రదాయంలో పలకరాతి మీద ఒక ఆంజనేయుణ్ణి చెక్కిన విధానాన్ని ఇతడు పుస్తకంలో అన్నిటికన్నా పెద్ద అధ్యాయంగా రాశాడు. పక్కకు తిరిగిన ముఖం, పైకెత్తిన కుడిచెయ్యి, తలమీదుగా వంపు తిరిగిన తోక, తోక కొసన చిన్న గంట. జాజుతో గీత గీశాక ముఖం వైపు వెళ్ళలేదు. ముందు రూపం బయట ఉన్న నేపథ్యాన్ని సమంగా లోతుకు దింపాడు. అప్పుడు పలకమీద కండరాలూ నగలూ ఏమీ లేని ఒట్టి ముద్ద నిలబడింది. ఆ ముద్దలో ముందుగా భుజాన్నీ తొడనూ గుండ్రం చేశాడు, అవి బలమైన భాగాలు గనుక. తోక వంపు లోపలివైపు రాయిని మాత్రం ముట్టలేదు. పాదాలు, వస్త్రం అయ్యాక, ముఖం సగం వచ్చాక, చిన్న ఉలితో చిన్న దెబ్బలతో ఆ వంపును ఖాళీ చేశాడు. గంట అన్నిటికన్నా చివర. అక్కడ ఒక్క పెచ్చు ఎగిరితే వెనకటి పనంతా వృథా అయ్యేదని రాసిన వాక్యం దగ్గర నాకు నిజంగానే ఊపిరాడలేదు.

ఈ వరుసను ఇతడు గురువుల దగ్గర నేర్చుకున్నాడు, ఆగిపోయిన పనుల దగ్గర రూఢి చేసుకున్నాడు. ఇది ఈ పుస్తకంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న ఆలోచన. లేపాక్షిలో యాత్రికులు వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసి, ఏడుపడగల నాగేంద్రుడి ముందు ఫొటో దిగి, పెద్దనందిని చూసి బస్సెక్కుతారు. ఆ ఏకశిలా నంది సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు, చూడవలసినదే. ఇతడు మాత్రం పూర్తికాని కల్యాణమండపంలో రోజంతా కూర్చున్నాడు. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ కట్టించిన ఆ గుడిలో ఆ మండపం పని మధ్యలో నిలిచిపోయింది. ఎందుకు నిలిచిపోయిందో జనం ఒక విషాదకథ చెప్పుకుంటారు. ఆ కథకన్నా ఆ స్తంభాలే ఈ రచయితకు ఎక్కువ మాట్లాడాయి. తాడిపత్రిలో పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడి గోపురాలదీ అదే సంగతి. అవీ పూర్తికాలేదు. కట్టినంత మేర అంగుళం ఖాళీ లేకుండా చెక్కిన ఆ గోపురాలను జేమ్స్ ఫెర్గూసన్ 19వ శతాబ్దంలోనే తన వాస్తుచరిత్ర గ్రంథంలో ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. పూర్తయిన శిల్పం తన తయారీని దాచేస్తుంది. పని ఆగిన చోటనే పనివాడి ఆలోచన బయటపడి ఉంటుంది. అనంతపురం సీమకు అలాంటి చోట్లు దండిగా ఉన్నాయి. వాటిని పాఠ్యపుస్తకంలా చదివినవాణ్ణి నేను ఇతణ్ణే చూశాను.

తాడిపత్రి, లేపాక్షి పోలిక మరో మంచి పాఠం తెచ్చింది. తాడిపత్రి చెక్కడపురాయి ఆకుపచ్చ ఛాయ గలది, గ్రానైట్ కన్నా మెత్తనిది. ఉలిని వాలుగా పెట్టి నెడితే పొర లేస్తుంది, అందుకే అక్కడ లతలూ జడలూ అంత సన్నంగా వచ్చాయి. లేపాక్షిది గ్రానైట్. దాన్ని కోయలేం, మొన ఉలిని దాదాపు నిటారుగా పెట్టి నలగ్గొట్టాలి. పెద్ద దెబ్బ వేస్తే పైన పోయిన రాయికన్నా లోపల నలిగిన రాయి ఎక్కువ. మెరుగు పెట్టాక అది తెల్లమచ్చగా బయటపడుతుంది. కాబట్టి విగ్రహపు చర్మం దగ్గరపడుతున్నకొద్దీ సుత్తి బరువు తగ్గాలి, దెబ్బ తగ్గాలి, ఉలి మార్పు పెరగాలి. మొద్దుబారిన ఉలితో బలంగా కొట్టేవాడు బద్ధకస్తుడని ఇతడు నిర్మొహమాటంగా రాశాడు. నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ఉలికి పదును పెట్టుకుంటూ కొలిమి దగ్గర గడిపిన పొద్దు కూడా చెక్కడంలో భాగమే. తమ తల్లి వంట పూర్తి చేసేలోగా శిల్పులు నాగేంద్రుణ్ణి చెక్కేశారన్న కథ లేపాక్షిలో ప్రతి గైడూ చెబుతాడు. ఈ అధ్యాయం చదివాక ఆ కథను ముచ్చటగా వినవచ్చు గానీ నమ్మలేం. ఆ శిల్పులకు నిజంగా దక్కవలసిన మెప్పు వాళ్ళ ఓర్పుకు దక్కాలి.

తాలమానం, అంటే విగ్రహాల కొలతల లెక్క, గురించిన భాగం కొత్తవారికి కాస్త కష్టం. ఒకటికి రెండుసార్లు చదవమని నా సలహా. ఉత్తమ దశతాలానికి 124 అంగుళాలు, నవతాలానికి 108, వినాయకుడికి పంచతాలం అని లెక్కలుంటాయి. ఈ అంగుళం స్కేలు మీది అంగుళం కాదు. దశతాల విగ్రహం ఎత్తును 124 భాగాలు చేస్తే అందులో ఒక భాగం అంగుళం. అందువల్ల జేబులో పట్టే విగ్రహానికీ కొండంత విగ్రహానికీ అదే పొందిక నిలుస్తుంది. నుదుటి నడిమి నుంచి పాదాల నడిమికి దిగే బ్రహ్మసూత్రాన్ని పని సాగుతున్నకొద్దీ ఎలా చెరిగిపోకుండా కాపాడుకోవాలో ఇతడు బొమ్మలతో చూపించాడు. ఉలి తగిలిన ప్రతిసారీ గీత పోతుంది, ప్రతిసారీ తూకంగుండు వేసి మళ్ళీ గీయాలి. బొమ్మల మాస్టరుగా ఆ పేజీలకు నేను నూటికి నూరు మార్కులు వేస్తాను.

మన కాలంలోనే తెలుగునేల మీద పెద్ద పనులు జరిగాయి. హుస్సేన్‌సాగర్ బుద్ధుణ్ణి భువనగిరి దగ్గర రాయగిరిలో దొరికిన ఒకే తెల్లని గ్రానైట్ రాతి నుంచి గణపతి స్థపతి ఆధ్వర్యంలో చెక్కారు. 1990 మార్చిలో ప్రతిష్ఠకు తీసుకెళుతుంటే పడవ ఒరిగి విగ్రహం నీట మునిగింది, మనుషులు చనిపోయారు. 1992 డిసెంబరులో పైకి తీసి నిలబెట్టారు. అన్నాళ్ళు నీట పడి ఉన్నా రాయి చెక్కుచెదరలేదు. యాదాద్రి ఆలయాన్ని కృష్ణశిలతో పునర్నిర్మించి 2022లో తెరిచారు. ఇలాంటి పనులకు వందలమంది శిల్పులు కావాలి, వాళ్ళకు చదువుకోవడానికి తెలుగులో పుస్తకాలు కావాలి. వెయ్యేళ్ళ కిందటే మా సీమలోని హేమావతిలో నొళంబుల శిల్పులు నల్లరాతిని అద్దంలా మెరిపించారు. చోళులు ఆ స్తంభాలను తంజావూరు సీమలోని తిరువయ్యారుకు తరలించుకుపోయారంటే వాటి నాణ్యతకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఆ స్తంభాలు చెక్కినవాళ్ళు ఒక్క పుట రాసి ఉంటే మనకెంత మిగిలేది!

ఇక దుమ్ము సంగతి. యంత్రాలను ఈ రచయిత తిట్టలేదు. ముతకపని కోతయంత్రంతో తొందరగా అవుతుంది, అది మంచిదే. అయితే గ్రానైట్‌ను పొడిగా కోస్తే లేచే సన్నని దుమ్ములో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. దానికి నయం చేసే మందు లేదు. క్వారీల్లో, శిల్పశాలల్లో మూతికి తువ్వాలు చుట్టుకుని పనిచేసే పిల్లలను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఆ దుమ్ము తువ్వాలుకు ఆగదు. నీళ్ళు చల్లుతూ కోయడం, సరైన మాస్కు, గాలి వాలు చూసి కూర్చోవడం, పిల్లలను దుమ్ముకు దూరంగా ఉంచడం గురించి ఇతడు రాసిన నాలుగు పేజీలు తాలమానంతో సమానంగా పవిత్రమైనవని నేను భావిస్తున్నాను.

పెద్దవాడిగా ఒక కోరిక చెబుతాను. రెండో ముద్రణలో ఆంజనేయుడి పని ప్రతి దశకూ ఒక ఫొటో చేర్చాలి. లేపాక్షి మండపంలో తాను చదివిన స్తంభాలకు వరుసగా గుర్తులిచ్చి ఒక పటం కూడా వేయాలి. ఆ పటం పట్టుకుని బడిపిల్లలు అక్కడ తిరిగితే ఎంత బాగుంటుందో!

వయసులో చిన్నవాడైనా విద్యలో పెద్దవాడైన ఈ చిరంజీవికి నా ఆశీస్సులు. శిల్పం నేర్పే ప్రతి చోటా ఈ పుస్తకం ఉండాలి. పాఠకులకు నా విన్నపం ఒక్కటే. మీ ఊళ్ళో గుడికో బొడ్రాయికో రాయి చెక్కేవాళ్ళు ఉంటే దుమ్ము గురించిన ఆ నాలుగు పేజీలు వాళ్ళకు చదివి వినిపించండి, విగ్రహానికి ఇచ్చే సంభావనతో పాటు మంచి మాస్కులు కూడా కొనివ్వండి.