విజయా మూలే అక్కకు

కెమెరా పట్టిన చేతికి పాట కడతారు. ఫైలు మీద సంతకం పెట్టిన చేతికి ఎవరూ కట్టరు. నీవి రెండూ ఒకే చేతులు, అక్కా! అందరూ నిన్ను అక్కా అనే పిలిచారు, నేనూ అలాగే పిలుస్తాను.

1921లో బొంబాయిలో పుట్టావు. పెళ్లయి పాట్నా చేరావు, చదువు కోసం లీడ్స్ వెళ్లావు. మంచి సినిమా చూడాలంటే రీళ్లు తెప్పించి, తెర కట్టి, మనుషుల్ని పేరుపేరునా పిలుచుకోవాల్సిన కాలం అది. పాట్నాలో, ఢిల్లీలో ఆ చాకిరీ చేశావు. 1959లో ఫిల్మ్ సొసైటీల సమాఖ్యకు సత్యజిత్ రాయ్ అధ్యక్షుడైతే, కార్యదర్శుల్లో నువ్వొకతివి. రాయ్ పేరు లోకానికి తెలుసు. ఉత్తరాలు రాసి, లెక్కలు చూసి సంఘాన్ని నిలబెట్టేది కార్యదర్శులే కదా!

సెన్సారు కొలువూ చేశావు. 1967లో 'ది టైడల్ బోర్' తీశావు. సముద్రం పోటెత్తి, హుగ్లీ నీళ్లను వచ్చిన దారినే తరుముకుంటూ పోయే దృశ్యం! ప్రభుత్వోద్యోగంలో ఉంటూ సినిమా తీయడం అంతకు తక్కువ ఎదురీత కాదు.

1974లో 'ఏక్ అనేక్ ఔర్ ఏక్తా' అనే బొమ్మల సినిమా తీశావు. భీమ్‌సేన్ బొమ్మలకు ప్రాణం పోశాడు. అందులో వలతో సహా ఎగిరిపోయే పిట్టలు మనకు కొత్తవా? చిన్నయసూరి మిత్రలాభంలో చిత్రగ్రీవుడి పావురాలే. దూరదర్శన్ పుణ్యమా అని ఒక తరమంతా వాటి వెంట ఎగిరింది.

అయినా నా మొక్కు ఆ మరుసటేటికి. 1975 ఆగస్టు 1న అమెరికా అరువిచ్చిన ఉపగ్రహం ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ తెచ్చింది. మన ఆంధ్రప్రదేశ్ పల్లెలూ అందులో ఉన్నాయి. కోళ్లదొడ్డి జాలీతో అల్లిన గొడుగు యాంటెన్నాలు, కరెంటు లేని చోట బ్యాటరీలు. బడిపిల్లల కార్యక్రమాలు తయారుచేసే విద్యా సాంకేతిక కేంద్రానికి పెద్దదిక్కువి నువ్వే. సినిమా హాలు ఎరగని పిల్లకు తెర మీద సైన్సు! ఏడాది తిరగ్గానే అరువు తీరింది, ఉపగ్రహం తరలిపోయింది. పని తెలిసిన మనుషులు మాత్రం మిగిలారు. అదీ పరిపాలనంటే.

తొంభైకి చేరువలో, పరదేశీ సినిమాలు మన దేశాన్ని ఎలా చూశాయో లెక్కతేల్చి పుస్తకం రాశావు. 2019 మేలో, తొంభై ఎనిమిదేళ్ల వయసులో వెళ్లిపోయావు.

పాఠకులారా, ఆ పిట్టల సినిమా ఇప్పటికీ దొరుకుతుంది. మీ పిల్లలకు చూపించండి. దర్శకురాలి పేరు మాత్రం పైకి చదివి వినిపించండి.